పన్నెండు చప్పుళ్ళ లక్ష్యం

మా మెట్టసాగు అభివృద్ధి సంస్థ జిల్లా కార్యాలయానికి ఉన్నది ఒక్కటే బండి. దాని వయసు పదకొండేళ్ళు. డ్రైవరు ఓబులేసు. షోరూము నుంచి దాన్ని తోలుకొచ్చిందీ అతనే, ఇప్పటిదాకా ఇంకొకరి చేతికి తాళం ఇవ్వనిదీ అతనే. వానలు పడేలోగా ఆ బండిలో పల్లెలు తిరిగి, చేలలో మట్టి నమూనాలు తీసి, ఏ నేలలో ఏ విత్తనం వేయాలో రైతులకు చెప్పడం మా కార్యాలయం చేసే పని. నేనక్కడ సీనియర్ అసిస్టెంటును. హాజరు పట్టీ, విరిగిన కుర్చీలు, వాహనం, ఈ మూడూ నా సెక్షన్లు.

ఏప్రిల్ మొదట్లో ప్రధాన కార్యాలయం నుంచి కమిషనర్ గారి సంతకంతో ఒక ఉత్తర్వు వచ్చింది.

"ప్రభుత్వ వాహనముల లోపలి భాగములందు ఉత్పన్నమగుచున్న కిటకిట, గలగల, టకటక, కిర్రు మొదలగు అవాంఛిత శబ్దముల వలన అధికారుల ఏకాగ్రతకు భంగము వాటిల్లుచున్నట్లు దృష్టికి వచ్చియున్నది. కావున 'నిశ్శబ్ద వాహన పక్షోత్సవములు' ఉద్యమ స్ఫూర్తితో నిర్వహించవలెను. ప్రతి వాహనమునందు కనీసము పన్నెండు శబ్దములను గుర్తించుట లక్ష్యముగా నిర్ణయించడమైనది. లక్ష్యము పూర్తియగు వరకు వాహనమును ఇతర పనులకు వినియోగించరాదు."

దానికి జతగా ఒక ప్రొఫార్మా ఉంది. శబ్దం పుట్టిన చోటు, శబ్దం రకం, అప్పటి వేగం, రోడ్డు పేరు, శబ్దాన్ని మొదట ఆలకించిన అధికారి హోదా, ఆఖరి గడిలో శబ్దం ఫోటో. శబ్దాన్ని ఫోటో ఎలా తీయాలో తెలియక ప్రధాన కార్యాలయానికి ఫోను చేశాను. అవతల గుమాస్తా చాలా మర్యాదగా చెప్పాడు.

"అధికారి గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నప్పుడు తీయండి. శబ్దం పోయాక నవ్వుతున్నప్పుడు ఇంకొకటి తీయండి."

మా జిల్లా అధికారి చక్రపాణి గారు ఉత్తర్వును రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. ఆయన సర్వీసులో అందుకోని లక్ష్యం లేదు. ఒకసారి మొక్కలు నాటే కార్యక్రమంలో జిల్లా విస్తీర్ణం కన్నా ఎక్కువ విస్తీర్ణంలో మొక్కలు నాటించారు.

"సంజీవీ, పన్నెండు ఎంత? పదకొండేళ్ళ బండి. ఏడాదికొకటి వేసుకున్నా పదకొండు వస్తాయి. ఆ మిగిలిన ఒక్కటీ మనం కష్టపడితే దొరుకుతుంది" అన్నారు.

నేను ఆవరణలోకి వెళ్ళి ఓబులేసుకు సంగతి చెప్పాను. అతను బండి తలుపు రబ్బరుకు పౌడరు రాస్తున్నాడు, ముఖానికి రాసుకునే పౌడరే.

"సప్పుళ్ళా? ఈ బండిలో యాడుండాయి సార్?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. బండిలో ఏదైనా పలికితే ఓబులేసుకు అన్నం సయించదు. బండి కొత్తగా వచ్చిన మూడో వారంలోనే వెనక తలుపులో టిక్కు టిక్కుమని ఏదో కొట్టుకుందట. నాలుగు రోజులు వెదికి, తలుపు లోపలి అట్ట విప్పి చూస్తే, ఫ్యాక్టరీలో ఎవరో జారవిడిచిన మర దొరికింది. అప్పటినుంచీ అతని చెవి అటే. సీటు బెల్టు కొక్కెం ప్లాస్టిక్కుకు తగులుతుంటే పాత కంబళి ముక్క అంటించాడు. డాష్‌బోర్డు అతుకుల మధ్య సైకిలు ట్యూబు కోసి దూర్చాడు. జాకీ కడ్డీకి గోనెపట్టా చుట్టాడు. ఇవన్నీ ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా చేసుకున్న పనులు.

మర్నాడు పొద్దున చక్రపాణి గారు వెనక సీట్లో, నేను ప్రొఫార్మాతో ముందు సీట్లో కూర్చుని చింతలకుంట రోడ్డుకు బయలుదేరాం. మా జిల్లాలో దానికంటే గుంతలున్న రోడ్డు లేదు. మొదటి రెండు కిలోమీటర్లలో నా మోకాళ్ళు పలికాయి, చక్రపాణి గారి పళ్ళు పలికాయి, బండి మాత్రం పలకలేదు. ఇంజను రొద తప్పితే లోపల పూజగదిలో ఉన్నంత ప్రశాంతంగా ఉంది.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర చక్రపాణి గారు ఎగిరి కూర్చున్నారు. "ఆపు! ఆపు! వినబడింది! టకటక! సంజీవీ, రాసుకో!" అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఫోటోకు సిద్ధమయ్యారు.

ఓబులేసు బండి ఆపి, వెనక్కి తిరిగి, ఒక్క క్షణం విని చెప్పాడు. "అది సంజీవి సార్ జేబులో పెన్ను సార్. కళ్ళజోడు డబ్బాకు తగులుతాంది."

చక్రపాణి గారు చెవి దగ్గరి చెయ్యి దించకుండానే అడిగారు. "పెన్ను బండిలోనే ఉంది కదా?"

"ఉంది సార్."

"అయితే లోపలి భాగమే. రాసుకో."

రాసుకున్నాను. అది తప్ప ఆ రోజు ఇంకేమీ దొరకలేదు. ప్రధాన కార్యాలయం ఆ ఒక్కదాన్నీ తిరస్కరించింది. ఉద్యోగి శరీరమునకు అంటిపెట్టుకుని యున్న శబ్దములు వాహన శబ్దములుగా పరిగణింపబడవట. మిగిలింది సున్నా. సున్నా అని నివేదిక పంపితే రెండు రోజుల్లో జవాబొచ్చింది. "శూన్య నివేదికలు అంగీకరింపబడవు. శబ్దములు లేకపోవుట అన్వేషణలో చిత్తశుద్ధి లోపమును సూచించుచున్నది."

ఆ వారం తెర మీద సమావేశం జరిగింది. పక్క జిల్లా అధికారి తన బండిలో అరవై నాలుగు శబ్దాలు గుర్తించినట్టు ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బండి నాకు తెలుసు. దాని ముందు తలుపును నులక తాడుతో కట్టి ఉంచుతారు. "ఇదీ ఉద్యమ స్ఫూర్తి అంటే!" అన్నారు పైఅధికారులు. జాబితాలో ఆఖరి పేరు మాది. తన పేరు చదువుతున్నప్పుడు చక్రపాణి గారు కెమెరా ముందు నుంచి కొద్దిగా పక్కకు జరిగారు.

సాయంత్రానికల్లా ఓబులేసుకు మెమో తయారైంది. టైపు చేసింది నేనే.

"వాహన చోదకుడు శ్రీ ఓబులేసు, పక్షోత్సవములు ప్రారంభము కాకమునుపే సదరు వాహనములోని శబ్దములను ఎట్టి అనుమతియు లేకుండ, దీర్ఘకాలముగా, రహస్యముగా తొలగించి, తద్ద్వారా కార్యాలయమునకు దక్కవలసిన లక్ష్యములకు గండి కొట్టినట్లు తెలియవచ్చుచున్నది. అతనిపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలుపవలెను."

ఆరోపణ రుజువైతే అతన్ని బండి మీది నుంచి దింపేసి, తుక్కు వాహనాలు పడేసే గోదాముకు కాపలా పంపిస్తారు. ఆ మాట మెమోలో లేదు గాని కార్యాలయంలో అందరికీ తెలుసు.

ఓబులేసు కాగితం తీసుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. "ఇదేంది సార్? బండిని బాగా పెట్టుకోవడం కూడా తప్పేనా?"

"తప్పని అనలేదు ఓబులేసూ. ముందే ఎందుకు పెట్టుకున్నావని అడుగుతున్నారు."

"సప్పుడు ఇనబడితే చెయ్యి ఊరికే ఉండదు సార్. ఇంగేం చెప్పమంటారు? అదే రాయండి."

దాన్నే నేను "శ్రవణేంద్రియ ప్రేరణకు లోబడి హస్తములు అసంకల్పితముగా ప్రవర్తించినవి" అని రాసి, అతని సంతకం పెట్టించాను.

చక్రపాణి గారు చెడ్డవారు కాదు. రెండు రోజుల తర్వాత ఓబులేసునూ నన్నూ గదిలోకి పిలిచి, తలుపు మూసి, అతనితో మెల్లగా చెప్పారు. "చూడు నాయనా, నీకూ మంచిది, నాకూ మంచిది. ఓ పన్నెండు మరలు ఒక్కో చుట్టు వదులు చెయ్యి. అంతే. మెమో నేను చూసుకుంటాను."

"నా చేత్తో నేను చెయ్యలేను సార్" అన్నాడు ఓబులేసు.

"పోనీ ఆరు?"

"ఒక్కటి గూడా చెయ్యలేను సార్. నన్ను గోదాముకే పంపండి."

బయటికొచ్చినప్పుడు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

చక్రపాణి గారు స్వయంగా రంగంలోకి దిగారు. అగ్గిపెట్టెలో చింతగింజలు పోసి, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు బండి డాష్‌బోర్డు సొరుగులో పెట్టి వచ్చారు. గంటలో ఓబులేసు ఆ అగ్గిపెట్టె తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు. "ఎవరో మరిచిపోయినారు సార్." మర్నాడు సీటు కింద స్టీలు గ్లాసులో చెంచా వేసి పెట్టారు. అదీ కడిగిన గ్లాసుగా తిరిగొచ్చింది. మూడో రోజు తన కార్యాలయం బీరువా తాళాల గుత్తి పెట్టారు. అది తిరిగొచ్చేదాకా ఆ రోజు మాకు బీరువా తెరుచుకోలేదు.

ఈలోగా పల్లెల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మట్టి చూడ్డానికి ఎప్పుడొస్తారప్పా, దుక్కులు దున్నుకున్నాం, విత్తనం తెచ్చుకోవాల కదా అని అడిగేవారు. బండి శబ్దాన్వేషణలో ఉందని చెప్పేవాణ్ణి. అవతలివాళ్ళు సరే సార్, దొరికినాక రాండి అనేవారు.

చివరికి ప్రధాన కార్యాలయం వారు మా మీద జాలిపడి శబ్దాన్వేషణ బృందాన్ని పంపారు. బృందానికి నాయకుడు డాక్టర్ వైకుంఠం. సన్నగా, పొడుగ్గా, మెడలో వైద్యులు వేసుకునేలాంటి గొట్టంతో ఉన్నాడు. దాని కొసకు అరచేతిలో ఇమిడే చిన్న పరికరం తగిలించి ఉంది. బండి ముందు నిలబడి ఆయన పావుగంట ప్రసంగించాడు.

"పదకొండేళ్ళ వాహనంలో శబ్దాలు లేకపోవడం అనేది శాస్త్ర విరుద్ధం. శబ్దాలు ఉన్నాయి. కాని అణచివేయబడి ఉన్నాయి. వాటిని విముక్తం చేయడమే మా కర్తవ్యం."

విముక్తం చేశారు. ఆవరణలో గోనెపట్టాలు పరిచి సీట్లు ఊడదీశారు, కింద పరిచిన పట్టా లాగేశారు, తలుపుల అట్టలు విప్పారు, డాష్‌బోర్డు మొత్తం పీకి బయట పెట్టారు. కంబళి ముక్కలు, ట్యూబు ముక్కలు, గోనె పేలికలు ఒక్కొక్కటే బయటపడుతుంటే డాక్టర్ వైకుంఠం పట్టకారుతో ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు. మొత్తం నలభై మూడు దొరికాయి. వాటిని "అనధికార శబ్ద నిరోధక పదార్థములు" అని పంచనామా రాసి, సంచిలో వేసి, లక్కతో సీలు వేశారు. ఓబులేసు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ ముక్కలు కోసిన కంబళి వాళ్ళ నాయనదని తర్వాతెప్పుడో నాకు చెప్పాడు.

మూడు రోజులకు బండిని మళ్ళీ బిగించారు. బిగించాక తొమ్మిది మరలు మిగిలాయి.

"ఇవెక్కడివి సార్?" అన్నాను.

"అదనపు మరలు" అన్నాడు వైకుంఠం. "తయారీదారులు ఎప్పుడూ ఎక్కువే వేస్తారు." వాటినీ కవరులో పెట్టి సంచికి జతచేశారు.

చింతలకుంట రోడ్డు మీద మళ్ళీ పరీక్ష జరిగింది. మొదటి గుంతలోనే బండి నోరు తెరిచింది. డాష్‌బోర్డు గలగలమంది, తలుపులు టకటకమన్నాయి, వెనక సీటు కిర్రుమంది, పైకప్పులో ఏదో తీరిగ్గా పళ్ళు కొరికింది. నేను రాయలేక చేతులు మారుస్తూ రాశాను. పదిహేడు! చక్రపాణి గారు పదిహేడుసార్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఫోటోలు దిగారు. ఆఖరికి ఆయన చెయ్యి దానంతటదే పైకి లేవడం మొదలుపెట్టింది. మర్నాడు కార్యాలయంలో అందరికీ మైసూరుపాకు పంచారు. జాబితాలో ఆఖరి స్థానం నుంచి ఏకంగా రెండో స్థానానికి ఎగబాకాం. "ఆకస్మిక పురోగతి" అని మా జిల్లాకు ప్రత్యేక ప్రశంస వచ్చింది.

ఓబులేసు మైసూరుపాకు ముట్టలేదు. నా దగ్గరికొచ్చి అడిగాడు. "దొరికినాయి కదా సార్. ఇంగ బిగించేదా?"

నేను ఉత్తర్వు తీసి చూపించాను. "ప్రస్తుతము గుర్తింపు దశ మాత్రమే. నివారణ దశ మార్గదర్శకములు తదుపరి జారీచేయబడును. అంతవరకు గుర్తించిన శబ్దములను తనిఖీ నిమిత్తము యథాతథముగా భద్రపరచి, వాహనమును ఇతర పనులకు వాడక నిలిపియుంచవలెను. వాహన చోదకులు వాటిని ముట్టరాదు."

"భద్రపరచాల్నా?"

"ఒక్కటి తగ్గినా మనమీదికొస్తుంది ఓబులేసూ."

అతను నవ్వుదామని చూశాడు గాని రాలేదు. "ఆ బండిలో కూచుంటే జ్వరమొచ్చిన పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకున్నట్టుండాది సార్" అని వెళ్ళిపోయాడు.

మే మూడో వారంలో పక్షోత్సవాల ముగింపు సభ మా ఊరి పురమందిరంలోనే పెట్టారు. పక్షమంటే పదిహేను రోజులే అయినా ప్రజాదరణ దృష్ట్యా రెండుసార్లు పొడిగించారు. సభకు కమిషనర్ గారే వస్తున్నారు. జంక్షన్ స్టేషనులో రైలు దిగి, అక్కడి నుంచి అరవై కిలోమీటర్లు మా బండిలోనే ప్రయాణించి, శబ్దాలను స్వయంగా తనిఖీ చేస్తారని కార్యక్రమ పత్రంలో వేశారు. సభలో ప్రదర్శించడానికి సీలు వేసిన సంచి కూడా బండిలోనే పెట్టాం. శబ్దాల రిజిస్టరుతో నేను ముందు సీట్లో కూర్చున్నాను.

కమిషనర్ గారు యాభై దాటిన మనిషి. కళ్ళ కింద నల్లటి గుంతలు. సిబ్బంది వేరే బండిలో ముందు వెళ్ళిపోయారు. ఆయన వెనక సీట్లో కూర్చుని, "కానివ్వండి" అన్నారు.

బండి కదిలింది. నేను నా విధి నేను మొదలుపెట్టాను.

"ఒకటో నంబరు సార్, డాష్‌బోర్డు ఎడమవైపు, గలగల... రెండోది సార్, తమరి మోచేతి దగ్గర, టకటక... మూడూ నాలుగూ కలిసి వస్తాయి సార్, పైకప్పు..."

ఆరో నంబరుకు ఆయన నుదురు పట్టుకున్నారు. తొమ్మిదో నంబరుకు కళ్ళు మూసుకున్నారు. పన్నెండో నంబరు చెప్పబోతుండగా, "ఆపండి" అన్నారు. నేను నోరు ఆపాను. "మిమ్మల్ని కాదు, బండిని."

ఓబులేసు రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో ఆపాడు. ఒక్కసారిగా ఎంత ప్రశాంతంగా ఉందంటే, ఎక్కడో పొలంలో ఎవరో దగ్గడం వినిపించింది.

"ఈ చప్పుడు ఎవరూ ఆపలేరా?" అన్నారు కమిషనర్ గారు.

"ఆపొచ్చు సార్" అన్నాడు ఓబులేసు.

"మరి ఎందుకు ఆపలేదు?"

"ముట్టగూడదని రాసిచ్చినారు సార్."

"ఎవరు?"

ఓబులేసు స్టీరింగు కేసి చూస్తూ అన్నాడు. "తమరే సార్."

నేను ఉత్తర్వు ప్రతి తీసి అందించాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివారు, ఎవరో కొత్తవాళ్ళు రాసినట్టు. కింద సంతకం దగ్గర చాలాసేపు ఆగారు. ఆ తర్వాత కాగితం తిరగేసి, వెనకవైపు "ముట్టవచ్చును" అని రాసి సంతకం చేసి, ఓబులేసు చేతికిచ్చారు.

"సంచి సీలు విప్పాలంటే సాక్షులు కావాలి సార్" అన్నాను నేను.

ఆయన నా వైపు ఒక చూపు చూసి, లక్క ముద్రను బొటనవేలితో పుటుక్కుమనిపించారు.

ఆ తర్వాత గంటన్నర నేను చూసినది ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు. ఓబులేసు చొక్కా చేతులు మడిచి పనిలో దిగాడు. బండిని అంగుళాల మీద ముందుకీ వెనక్కీ గుంతల్లో ఆడించడం, ఆపడం, బిగించడం. కొంతసేపటికి కమిషనర్ గారికి కూడా పని అప్పజెప్పాడు.

"సార్, కుడిచెయ్యి తలుపు మీద గెట్టిగా పెట్టండి. ఇప్పుడు ఇనబడతాందా?"

"వినబడుతోంది."

"రవ్వంత కిందికి. ఇప్పుడు?"

"ఆగింది! ఓబులేసూ, ఆగిందయ్యా!" ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది.

"చెయ్యి తియ్యొద్దండి సార్, ఆడనే ఉండాది." కంబళి ముక్క దూరింది. ఒక శబ్దం పోయింది. మరలన్నీ మళ్ళీ తమ చోట్లకు చేరాయి. మూడో ముక్క దగ్గర్నుంచి కమిషనర్ గారు కోటు విప్పేశారు. తొమ్మిదో ముక్క తానే అంటిస్తానని పట్టుబట్టి, వంకరగా అంటించి, ఓబులేసు సరిచేస్తుంటే ఒప్పుకున్నారు.

ఆఖరి శబ్దం మాత్రం చాలా ఏడిపించింది. డాష్‌బోర్డు లోపల ఎక్కడో డక్కు డక్కుమని కొట్టుకుంటోంది. ఇద్దరూ తలలు లోపల పెట్టి వెదికారు. చివరికి ఓబులేసు మోచేతి దాకా చెయ్యి దూర్చి ఒక చిన్న నల్లటి వస్తువు బయటికి తీశాడు. డాక్టర్ వైకుంఠం గారి గొట్టం కొసన ఉండాల్సిన పరికరం. శబ్దాలను కొలిచేది.

కమిషనర్ గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు. నాకిచ్చి, "జాగ్రత్తగా పెట్టండి, బండిలో మాత్రం వద్దు" అన్నారు. కర్చీఫులో చుట్టి జేబులో వేసుకున్నాను.

మళ్ళీ బయలుదేరాం. బండి పాతరోజుల్లోలాగా వెళ్తోంది. ఓబులేసు భుజాలు కిందికి దిగాయి, నెలన్నర తర్వాత. పది నిమిషాలకు వెనక నుంచి గురక వినిపించింది.

ఇద్దరం అద్దంలో చూశాం. కమిషనర్ గారు సీటుకు అడ్డంగా ఒరిగి, నోరు తెరిచి, హాయిగా నిద్రపోతున్నారు.

ఊళ్ళోకి వచ్చేసరికి పురమందిరం ముందు బ్యాండుమేళం, పూలదండతో చక్రపాణి గారు, పక్కనే డాక్టర్ వైకుంఠం కనిపించారు. ఓబులేసు వేగం తగ్గించాడు. బ్యాండువాళ్ళు బూరలు నోటి దగ్గరికి ఎత్తారు. ఓబులేసు అది చూసి, అద్దంలోకి చూసి, ముందుకు పోనిచ్చాడు. చక్రపాణి గారు దండతో నాలుగడుగులు బండి వెంట నడిచారు.

"ఓబులేసూ! ఏం చేస్తున్నావ్?" అన్నాను గొంతు తగ్గించి.

"బ్యాండు కొడితే లేచ్చారు సార్. పాపం, ఎన్నాళ్ళాయెనో ఆ మనిషి నిద్రపోయి."

"సభ?"

"సభకు అందరూ వచ్చినారు కదా సార్. జరుగుతాది."

జరిగింది. చక్రపాణి గారు ఫోను చేసినప్పుడల్లా, "తనిఖీ ఇంకా నడుస్తోంది సార్" అని గుసగుసగా చెప్పాను. అది అబద్ధం కాదనే నా అభిప్రాయం. అక్కడ డాక్టర్ వైకుంఠం గంటా నలభై నిమిషాలు ప్రసంగించాడు. అరవై నాలుగు శబ్దాల పక్క జిల్లా వారికి మొదటి బహుమతి ఇచ్చారు. రెండో బహుమతిని కమిషనర్ గారి తరఫున చక్రపాణి గారే చక్రపాణి గారికి అందజేశారు. చివరగా ఒక నిమిషం నిశ్శబ్దం పాటించారు.

మధ్యాహ్నం మూడు దాటాక కమిషనర్ గారు కళ్ళు తెరిచారు. "ఎక్కడున్నాం?"

"చింతలకుంట దాటినాం సార్, మూడోసారి" అన్నాడు ఓబులేసు. "బండి నిలిపితే లేచ్చారని నిలపలేదు."

ఆయన గడియారం చూసుకున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. నేను సీట్లోనే నిటారుగా కూర్చుని నా సర్వీసు గురించి ఆలోచిస్తున్నాను.

"సభ ఎలా జరిగింది?" అన్నారు.

"చాలా విజయవంతంగా జరిగిందట సార్."

ఆయన కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపించి, మా ఇద్దరి మధ్య బల్ల మీద కూర్చుని నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నారు.

వారం తిరక్కుండా రెండు ఉత్తర్వులొచ్చాయి. మొదటిది: "నిశ్శబ్ద వాహన పక్షోత్సవములు లక్ష్యమును మించి ఫలించినందున తక్షణము ముగించడమైనది. ఇకమీదట వాహనములలోని శబ్దములను వాటిని వినువారే సరిచేయవచ్చును." రెండోది ఓబులేసు గురించి. దాన్ని చదివి వినిపించమని అతను నా బల్ల ముందు నిలబడ్డాడు.

"చోదకుడిపై మోపబడిన ఆరోపణలు సంపూర్ణముగా రుజువైనవి. అయినను సదరు నేరము ప్రజాహితమైనదిగా భావించి, అదే నేరమును కొనసాగించుటకు అతనికి అనుమతినివ్వడమైనది."

"అంటే నేను తప్పు చేసినానా, లేదా సార్?"

"చేశావు. మళ్ళీ చెయ్యమంటున్నారు."

అతను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సరే అయితే, రేపు పొద్దున్నే పల్లెలకు పోదాం. మబ్బులు పట్టినాయి."

మర్నాడు ఎనిమిదింటికల్లా మేం రాళ్ళపాడు అనే ఊరికి చేరాం. సుంకన్న అనే రైతు చేను ముందుగా చూడాలి. ఊరి బయట పెద్ద దిగుడు ఉంది. మేకల మంద అడ్డంగా పోతుంటే వాటిని బెదరగొట్టడం ఎందుకని ఓబులేసు ఇంజను ఆపేసి, దిగుడులో బండిని మెల్లగా జారనిచ్చాడు. రాళ్ళ మీద ఊగుతూ, ఏ చప్పుడూ లేకుండా పోయి చేనుగట్టు దగ్గర ఆగాం. నేను నమూనాల సంచులు లెక్కచూసుకుంటూ లోపలే కూర్చున్నాను.

అవతల గట్టు మీద కూర్చున్న ముగ్గురు మనుషులు లేచి, పంచెలు ఎగగట్టి, మా వైపు పరుగెత్తుకొచ్చారు. ముందున్న పెద్దాయన కిటికీలోకి వంగాడు. అతనే సుంకన్న.

"మీరు దిగాకండి సార్, కూచోండి కూచోండి. ముగ్గురం ఉండాం, తోస్తాం."

"ఎందుకు పెద్దాయనా? బండి బాగానే ఉండాదే!" అన్నాడు ఓబులేసు.

"బాగుంటే సప్పుడేదప్పా?" అన్నాడు సుంకన్న, నమ్మకుండా. "ఇంత రాళ్ళ దోవలో గవర్నమెంటు బండి సప్పుడు ల్యాకుండా వచ్చినాదంటే, దానికేమో అయిందనే కదా! మొగమాటమెందుకు సార్, మాకిదేం కొత్త కాదు." అప్పటికే మిగతా ఇద్దరూ వెనక చేరి చేతులు ఆనించారు.

నేను తలుపు తీయబోయాను. ఓబులేసు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. అతని ముఖమంతా నవ్వే.

"తోయనీండి సార్" అన్నాడు మెల్లగా. "ముందర ఆ చెట్టు నీడ దాకా ఇంగా పది గజాలుండాది." అని బ్రేకు మీది నుంచి కాలు తీశాడు.